గుండెకు మరల్చిన కాలి సిర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



ఈ రజతోత్సవమున ప్రబంధములనుగూర్చి ఒక గంట మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. మా యింటి కరణీకము 1984లో రద్దైనది. దస్తరపు కట్టలు తాలూకా కచేరికి పోయిన పిదప మా యింట మిగిలినవి ఒక సిరాబుడ్డి, చెదలు వదలిన నాలుగు కావ్యములు. గురువు లేక, నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, ఆ నాల్గింటిని నేనే కూడబలుకుకొని చదివితిని. నేడు సహకార సంఘమునకు లెక్కలు వ్రాసి జీవించుచున్నాను. ఊరివారు మాత్రము పాత పిలుపు మానక నన్నింకను కరణమనియే పిలుచుచున్నారు. ఇట్టివాడు ప్రబంధములనుగూర్చి మాటలాడిన తప్పుపట్టువారుండరు. కాని నేటి నా విషయము ప్రబంధము కాదు. కార్యవర్గమువారు క్షమింపవలెను.

గత సంక్రాంతికి ముందు ఒక సాయంకాలము మన గ్రంథాలయపు అరుగుమీద ఒక పెద్ద రైతు నన్నాపెను. ఆయన ఈ సభలోనే యున్నారు గావున పేరు చెప్పను. "కరణం సామీ, నీకు కాల్లో నరం తీసి గుండెకేసినారు గదా. మా పిల్లోనికీ అట్లే ఏయాలంటుండారు. ఆ నరం ఎన్నేండ్లు నిలబడుతుంది?" అని యడిగిరి.

నా వద్ద సమాధానము లేకపోయెను. 2016లో నా ఱొమ్ము తెరచి మూడు దారులు వేసిరి. ఒకటి ఱొమ్ములోని ధమనితో, రెండు కాలి సిరలతో. ఇన్నేండ్లుగా ఆ సిరలను నాలో మోసికొని తిరుగుచు, ఎన్నేండ్ల కౌలుకు వచ్చినవో కనుగొనలేదు. ఒకరి పొలమునకు కౌలు పత్రము వ్రాయునపుడు గడువు లేనిదే వ్రాలు పెట్టనివాడను, నా గుండె విషయమున గడువడుగకయే వ్రాలు చేసితిని. ఆ రాత్రి నుండి ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మా తమ్ముని కుమారుడు వైద్యవిద్యార్థి. వాడు ఇంగ్లీషు వైద్యపత్రికలను చదివి వినిపింపగా, తెలియని చోట మరల మరల అడిగి, ఒక పుస్తకములో వ్రాసికొంటిని. నేడు చదువునది ఆ పుస్తకము.

మొదట ఒక మాట సవరింపవలెను. మనవారు దేహములో త్రాడువలె నున్న ప్రతిదానిని నరమందురు. గుండెకు వేయునది నరము కాదు, సిర. సుశ్రుతుడు శారీరస్థానమున సిరలు ఏడువందలనియు, ధమనులు ఇరువదినాలుగనియు లెక్క చెప్పెను. ఆయన చేసిన విభాగమును నేటి వైద్యుల విభాగమును ఒకటి కావు. పేర్లు మాత్రము మనము ఆ శాస్త్రమునుండియే తెచ్చుకొంటిమి. నేటి వాడుకలో గుండెనుండి నెత్తురును బయటికి కొనిపోవునది ధమని, తిరిగి గుండెకు తెచ్చునది సిర. ఈ భేదమే నేటి నా ప్రసంగమునకు మూలము.

ధమనిలోని నెత్తురు గుండె త్రోపుతో వచ్చును. ఆరోగ్యవంతునికి ఆ ఒత్తిడి 120 పాదరసపు మిల్లీమీటర్లు. గుండె సడలినపుడు 80. సిరలోని నెత్తురు నెమ్మదిగా వచ్చును. పండుకొని యున్నవానికి కాలి సిరలో ఆ ఒత్తిడి పది, పదునైదు మిల్లీమీటర్లకు మించదు. ధమని గోడ మందము, కండ గలది, ప్రతి కొట్టుకు సాగి మరల ముడుచుకొనును. సిర గోడ పలుచన. కాలి సిరలో నడుమ నడుమ చిన్న తలుపులు గూడ కలవు. నెత్తురు పైకి పోవునే గాని క్రిందికి జారకుండ అవి మూసికొనును. అందువలన శస్త్రవైద్యులు కాలి సిరను గుండెకు కుట్టునపుడు తలక్రిందులు చేసి కుట్టుదురు. లేకున్న ఆ తలుపులే నెత్తురునకు అడ్డుపడును. ఇది విన్ననాడు నాకు నవ్వు వచ్చినది. మన తూములకు తలుపు ఎటువైపు బిగింపవలెనో తెలియక రెండు పంటలు పోగొట్టుకొన్న చెరువు ఈ ప్రాంతమున లేకపోలేదు.

గుండె తన నెత్తురుతో తాను బ్రతుకదు. లోపల నిండిన నెత్తురు దాని కండకు అందదు. బృహద్ధమని మొదట పుట్టిన రెండు సన్నని ధమనులు గుండెను చుట్టి పాఱి, దాని కండకు ఆహారమిచ్చును. వానిలో క్రొవ్వు పేరుకొని దారి ఇరుకైన కండ పస్తుండును. అదియే ఱొమ్ములోని బరువు, నొప్పి. అడ్డుపడిన చోటికి పైన ఒక రంధ్రము, క్రింద ఒక రంధ్రము చేసి, నడుమ వేరొక గొట్టము కుట్టి నెత్తురును మరల్చుటయే బైపాసు. కాలువకు పూడిక పడినచోట, పూడిక తీయు వీలులేక, ప్రక్కనుండి పిల్లకాలువ త్రవ్వి క్రింది మడవకు నీరు కలుపుట మన కె.సి. కాలువ ఆయకట్టువారికి చెప్పనక్కరలేదు.

ఈ విద్య పుట్టిన కథను త్వరగా ముగించెదను. ఫ్రాన్సు దేశస్థుడు అలెక్సిస్ కారెల్ రక్తనాళములను కుట్టుపద్ధతి 1902లో ప్రకటించెను. 1912లో నోబెల్ బహుమానము పొందెను. ధమని స్థానమున పెట్టిన సిర గోడ కాలక్రమమున మందమగుననియు ఆయన కాలముననే గమనించిరి. ఆ గమనిక నూరేండ్లకు పైగా వైద్యులను వెంటాడుచున్నది. 1967లో అర్జెంటీనావాడైన రెనే ఫవలోరో అమెరికాలోని క్లీవ్‌లండున కాలి సిరతో గుండెకు దారివేయు పద్ధతిని స్థిరపరచెను. మన దేశమున 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో డాక్టరు కె. ఎమ్. చెరియన్ ఈ శస్త్రచికిత్సను చేసిరి. మన రాయలసీమలోనే 1991 నవంబరులో పుట్టపర్తిలో డబ్బు పుచ్చుకొనని గుండె ఆస్పత్రి తెరువబడెను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన పిదప పొలమమ్మక ఱొమ్ము తెరపించుకొను వీలు పేదవానికి గలిగెను. ఆ పథకమునకు పేరు పలుమారులు మారినది. దానివలన బ్రతికినవారిని నేనెఱుగుదును, నేనును వారిలో ఒకడను.

ఇక అసలు విషయము. కాలి సిర గుండెకు పోయిన పిదప ఏమగును?

2009 అక్టోబరులో కర్నూలు నగరము మునిగిన నాటి వరదను చూచినవారు ఇందు చాలమంది కలరు. పిల్లకాలువలోనికి తుంగభద్ర వచ్చినట్లు ఊహింపుడు. సిరకు ఆ మొదటి నిమిషముననే అట్టి స్థితి పట్టును. పదింటికి అలవాటుపడినది నూటయిరువదిని మోయవలెను; అదియు నిలకడగా గాక నిమిషమునకు డెబ్బదిసార్లు కొట్టుచు. అది ఉబ్బును. గోడ సాగును. లోపలి పొర చిట్లును. పైగా సిరను కాలినుండి తీయునపుడు దాని చుట్టునున్న క్రొవ్వును ఊడ్చి, కొమ్మలను మూసి, కాఱుచున్నదేమో చూచుటకు నీరెక్కించి ఉబ్బింతురు. ఈ మొదటి హింసయు చిన్నది కాదు.

తరువాతి కథ మూడు కాండములు. మొదటి నెలలో మూసికొనిపోవునవి నెత్తురు గడ్డకట్టుటవలన మూసికొనిపోవును. మొదటి నెలనుండి సంవత్సరము లోపల సిర తన్ను తాను కాపాడుకొనుటకు లోపలి గోడను మందము చేసికొనును. ఇది శత్రువు పని కాదు, సిర స్వయముగా చేసికొను రక్షణ. కాని రక్షణ హద్దు మీఱి దారినే ఇరుకు చేయును. మూడవ కాండమున ఆ మందపు గోడమీద క్రొవ్వు పేరుకొని, పాత రోగమే క్రొత్త దారిలో మరల పుట్టును. మొదటి సంవత్సరముననే వందకు పది, పదునైదు, కొన్ని లెక్కలలో అంతకు మించి సిరలు మూసికొనుచున్నవి. పదేండ్లకు సుమారు సగము మాత్రమే మంచిస్థితిలో మిగులుచున్నవి.

ఈ అంకె విన్న రాత్రి నాకు నిద్రలేదు. నాలో రెండు సిరలున్నవి. సగమనగా ఒకటి.

ఱొమ్ములోని ధమని సంగతి వేరు. ఎదురెమ్ముకు వెనుక పాఱు ఆ ధమనిని గుండె ముందుభాగపు ధమనికి కలిపినచో పదేండ్లకు వందకు తొంబదికి మించి తెరచియే యుండుచున్నవి. అట్లు చేసినవారు ఎక్కువకాలము బ్రతికిరని 1986లో క్లీవ్‌లండువారు ప్రకటించిరి. అది ధమనిగా పుట్టినది, ధమని పనియే చేయుచున్నది. మఱి అన్నిటికి దానినే వాడరాదా యని మీరడుగవచ్చును. ఱొమ్మున అట్టివి రెండే కలవు. రెండింటిని తీసిన ఎదురెమ్ము మానుట కష్టము, మధుమేహులకు మఱింత కష్టము. చేతి ధమనిని గూడ కొందరు వాడుదురు. కాని నాలుగు దారులు కావలసినవానికి కాలి సిర తప్పదు. అది పొడవైనది, అందుబాటున నున్నది, తీసినను కాలు నడచును. కాబట్టి ప్రశ్న సిరను మానుట కాదు. సిరను నిలుపుట ఎట్లు?

నా చిన్ననాట సైకిలు చెడిన మేమే బాగుచేసికొనుచుంటిమి. టైరు లేకుండ వట్టి ట్యూబుకు గాలికొట్టిన ఏమగునో మీరు చూచియుందురు. ఒకచోట గుమ్మడికాయవలె ఉబ్బును, మఱొకచోట సన్నగనే యుండును. ఇంకను కొట్టిన పగులును. దానినే టైరులో పెట్టి కొట్టిన ఎంత గాలియైనను మోయును. ట్యూబు బలము పెరుగలేదు. భారమును టైరు పంచుకొన్నది. గొట్టము ఎంత వెడల్పైన దాని గోడమీది లాగుడు అంత హెచ్చునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. ఉబ్బనీయక పట్టియుంచిన లాగుడు తగ్గును. సిరకు బయటనుండి ఒక వలతొడుగు వేసిన ఏమి? ఇదియే బయటి స్టెంటు.

స్టెంటు అను మాట మన ఊళ్లలో గూడ వ్యాపించినది. ఆ మాట లండనులో పందొమ్మిదవ శతాబ్దమున నుండిన ఛార్లెస్ స్టెంట్ అను దంతవైద్యుని పేరునుండి వచ్చినదని చెప్పుదురు. పండ్ల అచ్చు తీయు మైనపు ముద్దను ఆయన మేలుపరచెను. ఒక పంటివైద్యుని పేరు గుండెకు చేరుట పదములకు పట్టు యోగము. మనము సామాన్యముగా విను స్టెంటు ధమని లోపల పెట్టి, ఇరుకును బయటికి త్రోయునది. మన హైదరాబాదులో అబ్దుల్ కలాముగారును, హృద్రోగవైద్యులు సోమరాజుగారును కలిసి చౌకగా చేయించినది ఆ లోపలి జాతిదే. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము దాని ధరకు హద్దు విధించినది. మందు పూసినదానికి 29,600 రూపాయలు, పూయనిదానికి 7,260 రూపాయలు. అంతకు ముందు లక్షకు మించి కట్టినవారి బిల్లులు నేను చూచితిని. నేను చెప్పుచున్న బయటి స్టెంటు వేరు. అది నెత్తురును తాకదు. సిరను బయటనుండి కౌగిలించుకొనియుండును.

ఈ యూహ క్రొత్తది కాదు. 1963లోనే అమెరికాలో విక్టర్ పార్సనెట్ మొదలగువారు ధమని స్థానమున పెట్టిన సిరలకు బయటి ఆధారమునుగూర్చి వ్రాసిరి. ఫవలోరో పద్ధతికి అది నాలుగేండ్లు ముందు. తరువాత ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున ఆంజెలినీ, జెరెమీ, న్యూబీ అను పండితులు పందులపై చాలకాలము పరిశోధించిరి. వారి తొడుగు డాక్రాన్‌తో చేసినది. మనము ఒకప్పుడు మోజుపడి కట్టిన టెరిలిన్ జాతి నూలే అది. తొడుగు బిగువుగా గాక వదులుగా, రంధ్రములతో నుండవలెనని వారు కనుగొనిరి. సిరకును తొడుగునకును నడుమనున్న చోట సన్నని నెత్తురుకాలువలు క్రొత్తగా మొలచి సిర గోడకు ప్రాణవాయువు నిచ్చెను. పందులలో గోడ మందమగుట ఎంతో తగ్గెను. ఇంత చక్కని ఫలితము వచ్చిన పిదప మనుష్యులకు వేయకుండుటెట్లు?

వేసిరి. 2007లో ఫలితము ప్రకటించిరి. చిన్న పరీక్షయే, ఇరువదిమంది రోగులు. ఆరునెలల తరువాత చూడగా తొడుగు వేసిన సిరలు మూసికొనియున్నవి.

ఈ వాక్యము మా వాడు చదువగా నేను మరల చదువుమంటిని. ఏండ్లకేండ్లు శ్రమించినవారు తమ చేతి పనియే తప్పెనని తమ పేర్లతో అచ్చువేసిరి. నేను జమాబందీ లెక్కలు చూచి పెరిగినవాడను. ఎండిన పొలమును ఎండెనని వ్రాయుటకు చేయి రానివారిని, పై అధికారి మెచ్చుటకు పండెనని వ్రాసినవారిని గూడ చూచితిని. కాబట్టి ఆ పత్రమునందు నాకు గౌరవము కలిగినది. పంది దేహము ఒప్పుకొన్నది మనుష్యదేహము ఒప్పుకొనలేదు. మెత్తని వదులు గుడ్డ ఎదలోని ఇరుకులో మడత పడకుండ నిలుచునా యను ప్రశ్నయు మిగిలినది.

పిదప లోహపు వలలు వచ్చెను. నికెలు, టైటానియము కలిసిన నిటినాల్ అను లోహముతో ఒక వల అల్లిరి. అది సిరను కొంచెము నొక్కి సన్నము చేసి పట్టునది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనున జిల్లా అను పండితుని బృందము కోతులలో దానిని మెచ్చుకొనెను. నొక్కుటకు ఒక కారణము కలదు. కాలి సిర వెడల్పు, గుండెమీది ధమని సన్నము. వెడల్పు కాలువనుండి సన్నకాలువలోనికి నీరు పోవునపుడు వెడల్పుచోట వేగము తగ్గి ఒండ్రు పడుట మనకు తెలిసినదే. కాని ఆ వలయు మనుష్యులలో ఆశించిన ఫలమీయలేదు.

ఇటీవల ఎక్కువ పరీక్షకు నిలిచినది ఇజ్రాయేలు దేశమున పుట్టిన వెస్ట్ అను తొడుగు. కోబాల్టు, క్రోమియము కలిసిన సన్నని తీగలను జడవలె అల్లినది. మన బుట్టలవారు ఈతబద్దలతో అల్లు చేపల బుంగను లాగిన పొడవగును, నొక్కిన వెడల్పగును గదా, అట్లే ఇదియు సాగును. సిర ఒక కొనను గుండెకు కుట్టిన పిదప తొడుగును దానిపైకి జరిపి, కావలసిన పొడవునకు లాగి, రెండవ కొనను బృహద్ధమనికి కుట్టుదురు. లాగిన ఆకారములోనే అది నిలుచును. సిరను పిసుకదు, మడత పడనీయదు.

దీని మొదటి మనుష్యపరీక్ష ఇంగ్లండున టాగర్ట్ మొదలగువారు 30 మందిపై చేసి 2015లో ప్రకటించిరి. పరీక్ష ఏర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. ఒకే మనుష్యుని గుండెమీద ఒక సిరకు తొడుగువేసి, ఇంకొక సిరను వట్టిగా వదలిరి. నెత్తురు అదే, తిండి అదే, బీడీ అదే, వయస్సు అదే. ఒకే చేనిలో ఒక సాలుకు ఎరువువేసి ప్రక్కసాలుకు వేయక చూచినట్లు. సంవత్సరమునకు తొడుగున్న సిర గోడ తక్కువ మందమయ్యెను, లోపలి దారియు ఎత్తుపల్లములు లేక సమముగా నుండెను. కాని మూసికొనిపోయిన సిరల లెక్కలో రెండు వర్గములకును భేదము లేదు. కొమ్మలను లోహపు క్లిప్పులతో మూయుట, తొడుగును అతుకు వద్ద బిగించి కుట్టుట, ఈ రెండును కీడు చేసినవని తెలిసికొని తరువాతి పరీక్షలలో మానిరి.

అన్నిటిలో పెద్ద పరీక్షలలో ఒకటి ఉత్తర అమెరికాలోని 17 ఆస్పత్రులలో 224 మందిపై జరిగి 2022లో వెలువడెను. ఇందును అదే పద్ధతి, ఒకనిలోనే తొడుగు సిరయు వట్టి సిరయు. సంవత్సరము తరువాత లోపలి గోడ మందపు వైశాల్యము కొలువగా తొడుగున్నదానికి 5.11 చదరపు మిల్లీమీటర్లు, లేనిదానికి 5.79. తొడుగే మేలుగా కనబడుచున్నది గదా? ఇక్కడనే లెక్కలవాడు ఆగవలెను. తొడుగువలన ఏ మేలును లేకున్నను, కేవలము కాకతాళీయముగ, ఇంత భేదమో ఇంతకు మించిన భేదమో వందకు ఏడుసార్లు కనబడవచ్చునని గణితము తేల్చెను. ఐదుసార్లకు మించరాదని వారు పరీక్షకు ముందే హద్దు గీసికొనియుండిరి. ఏడు ఐదుకు మించినది. కావున మేలు రుజువు కాలేదని వ్రాసిరి. గీతను తరువాత జరుపలేదు. యూరపులో జరిగిన ఇంకొక పరీక్షలో రెండేండ్లకు గోడ మందము తగ్గినది. తెరచియున్న సిరల సంఖ్యలో మాత్రము లాభము కానరాలేదు.

నా అభిప్రాయము చెప్పుమందురా? యూహ చక్కనిది. తర్కమున దోషము కనబడదు. పంది ఒప్పుకొన్నది, కోతి ఒప్పుకొన్నది. రోగికి కావలసినది మాత్రము గోడ మందము తగ్గుట కాదు, దారి తెరచియుండుట, ఆయువు నిలుచుట. ఆ రెండు పద్దులలో ఇంతవరకు జమ పడలేదు. పడకపోవచ్చుననియు నేననను. సిరకు చేటు చేయు మూడవ కాండము ఐదేండ్లకు, పదేండ్లకు గాని ముదురదు. సంవత్సరపు లెక్కతో దానిని తేల్చుట వేరుసెనగ పూతను చూచి దిగుబడి వ్రాసినట్లుండును.

ఈ సందర్భమున స్వీడను దేశపు ఓరెబ్రో నగరములోని సౌజా అను శస్త్రవైద్యుని మార్గము చెప్పవలెను. ఆయన బయటినుండి ఏ తొడుగును తేలేదు. సిరను కాలినుండి తీయునపుడు దాని చుట్టునున్న క్రొవ్వును ఊడ్వక, నీరెక్కించి ఉబ్బింపక, ఉన్నదున్నట్లు తీసి కుట్టెను. ఆ క్రొవ్వులో సిర గోడను పోషించు సన్ననాళములు కలవు. అది మెత్తని దిండువలె సిరను పట్టియుంచును. కట్టమీది గడ్డి చెక్కి శుభ్రము చేసితిమని మురిసి, వానకు కట్ట కోసికొనిపోగా తెల్లబోయిన మనకు ఈ మాట సులభముగా తలకెక్కును. పదునారేండ్ల తరువాత చూడగా అట్లు తీసిన సిరలలో వందకు 83, మామూలుగా తీసినవానిలో 64 తెరచియుండెను. చైనాలో 2,655 మందిపై జరిగి 2021లో వెలువడిన పరీక్షలో మూడునెలలకు మూసికొనినవి ఈ పద్ధతిలో వందకు 2.8, మామూలు పద్ధతిలో 4.8. స్వీడనువారే తరువాత జరిపిన పెద్ద పరీక్షలో రెండేండ్లకు స్పష్టమైన భేదము తేలలేదు, కాలి గాయము మానుటలో బాధలు మాత్రము హెచ్చెను. కాబట్టి దీనిని గూడ చేతికి వచ్చిన పంటగా వ్రాయజాలను. అయినను దేవుడిచ్చిన తొడుగును ఊడ్చి పారవైచి, తీగల తొడుగును అల్లుటకు అరువదియేండ్లు శ్రమించితిమేమో యను సందేహము నాకు కలదు.

ఇక నా కథ. 2023 కార్తికమున ఎగువ అహోబిలము మెట్లెక్కుచు నడుమ ఆగిపోతిని. ఏడేండ్ల క్రిందటి బరువే ఱొమ్మున మరల కూర్చున్నది. ఆంజియోగ్రాము తీసి, తెరమీద నాకే చూపిరి. ఱొమ్ము ధమని నిండు కాలువవలె పాఱుచున్నది. ఒక సిర పాఱుచున్నది. రెండవ సిర ఉన్నచోట చిన్న మొలక మాత్రము కనబడి ఆగిపోయినది. పాదలేపము కరగిన ప్రవరునివలె నా కాలి సిర కొండమీద చిక్కుకొని తిరిగి రాలేకపోయినది.

ఆ దినములలోనే మా వాడు ఈ తొడుగు సంగతి చదివి వినిపించినాడు. నాకు ఆశ పుట్టినది. మిగిలిన సిరకైనను తొడుగు వేయింపరాదా యని వైద్యునడిగితిని. ఆయన ఓపికగా చెప్పెను. తొడుగు వేయునది సిర చేతిలో నున్నపుడు, రెండవ కొన కుట్టకముందు. ఇన్నేండ్లకు సిర గుండెకు అంటుకొని దానిలో ఒకటియైపోయినది; మరల ఱొమ్ము తెరచి దానిని విడదీయబోయిన ఉన్నది పోవును. మూసినదానిని తెరువనక్కరలేదనియు, ఉన్న రెండు దారులును మందులును చాలుననియు చెప్పి పంపెను. కావున నేను ఇంతసేపు చెప్పిన తొడుగు నాకు పనికివచ్చునది కాదు. ఇక ఱొమ్ము తెరపించుకొనబోవువారికే అది.

ఇంకొక సంగతి చెప్పుటకు నాకు బాధగా నున్నది, చెప్పకపోవుట తప్పు. నాతోపాటు ఆ సంవత్సరమే దారివేయించుకొన్న నా వరుస బావ ఒకడు మన ఊరిలో నుండెను. దారి వేసిరి గదా, ఇంకేమి భయమని రెండవయేడు మాత్రలు మానెను. బీడీ మాత్రము మానలేదు. "బైపాసయినోనికి మాత్రలేందిరా, కొత్త ఇంజను" అని ఈ అరుగుమీదనే నవ్వెడివాడు. నేనును నవ్వితిని. నాకు తెలియదు గనుక నవ్వితిని. ఇంజను క్రొత్తది కాదు. పాత ఇంజనుకు సైకిలు ట్యూబు కట్టిరి. మూడవయేడు వేసవిలో పొలమున పడిపోయెను. కొలెస్టరాలు బాగుగ తగ్గించినచో ఈ సిరలు చెడుట తగ్గునని 1,351 మందిని పరీక్షించి 1997లోనే ప్రకటించిరి. తొడుగువలె సందేహము లేని మాట అది. ఆ మాత్ర నేడు చౌక. ఆస్పిరిను మఱింత చౌక. నాకది నా బావ చచ్చిన నాలుగేండ్లకు తెలిసినది.

పెద్దాయనకు ఆ సాయంకాలము చెప్పలేని సమాధానము ఇప్పుడు చెప్పెదను. మీ కుమారునికి వేయు కాలి సిర పదేండ్లు నిలుచుటకు సగము పాలు అవకాశము కలదు. ఱొమ్ము ధమనికి అంతకంటె చాల ఎక్కువ కలదు. కాబట్టి పెద్ద ధమనికి ఱొమ్ము ధమనినే కలుపుదురా యని శస్త్రవైద్యునడుగుడు. తప్పక కలుపుదురు, అయినను అడుగుడు. కాలి సిరను ఎట్లు తీయుదురని అడుగుడు. ఇంటికి వచ్చునపుడు ఏ మాత్ర ఎన్నాళ్లు మ్రింగవలెనో కాగితముమీద వ్రాయించుకొనుడు. దానికి "ఎన్నాళ్లు" అను గడియలో "జీవితాంతము" అని వ్రాసినచో వ్రాసినవాడు పొరపడలేదు. బయటి తొడుగును గూర్చి ఎవరైనను చెప్పినచో, అది చెడ్డది కాదు, మేలు ఇంకను రుజువు కాలేదని తెలిసికొని మాటలాడుడు. దానికై భూమి తాకట్టు పెట్టవలదు.

నేను చదివిన కాగితములన్నిటిని కుట్టించి, తెలుగులో చేతివ్రాత సారాంశముతో, నేడు గ్రంథాలయమున కిచ్చుచున్నాను. అలమారులో ఆరోగ్యశాస్త్రపు అరలో నుంచుదురని కార్యదర్శిగారు మాట యిచ్చిరి. వచ్చు నెల మొదటి సోమవారము నేను పరీక్షకు కర్నూలు పోవుచున్నాను. పెద్దాయన కుమారుడును నాతో వచ్చును. బస్సు ఉదయము ఆరింటికి. రావి చెట్టు క్రింద నిలుచుందుము.